మిషను లారీలో వేడిగాలి

అన్యాయం జరిగింది ఎవరికి? ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏసీ బోగీల ఫిట్టరుగా పనిచేసిన సుందర్ రాజుకు. ఏ విధంగా జరిగింది? దొంగతనం చేయని మనిషిని నిండు చర్చి సంఘం ఎదుట దొంగ అన్నారు. అన్నవారు ముందుగా ఒక్క ప్రశ్న అడగలేదు. విన్నవారిలో ఒక్కరు లేచి నిలబడలేదు. ఈ రెండు సంగతులనూ ఆయన భార్య జ్ఞానరత్నం ఏడేళ్లుగా మరచిపోలేదు. మరచిపోవడమే మేలని చెప్పవచ్చిన వారికి ఆమె కుర్చీ వేసి, టీ ఇచ్చి, చెప్పినదంతా విని, గుమ్మం దాకా సాగనంపేది.

జరిగినది ఇది. పూరీ గేటు దగ్గరి తెలుగు చర్చి తరఫున ఒక లారీ ఊరూరా తిరిగి కంటి వైద్యం చేసేది. ఏదో మంచు దేశం నుంచి క్రైస్తవ మిషనువారు పంపిన బండి అది. డ్రైవరు సీటు మొదలు వెనుక మందుల అరల వరకు అంతా ఒకటే గది. 1985 వేసవిలో ఆ గదికి చల్లగాలి రావడం మానేసింది. సుందర్ రాజు తన సెలవు రోజున వచ్చి, కలకత్తా నుంచి తెప్పించిన సిలిండరుతో గ్యాసు నింపి, బెల్టు మార్చి, చర్చి ఆవరణలోనే గాలి తిప్పి చూపించాడు. అందరూ చేతులు పెట్టి చూసి మంచులా ఉందన్నారు. మర్నాడు బండి ఝార్‌గ్రామ్ దారి పట్టింది. సగం దారిలో, మంచులా ఉందన్న ఆ గాలే పొయ్యి మీది సెగలా కొట్టింది. కంటి చుక్కల మందు చెడిపోయింది. శిబిరం పెట్టకుండానే తిరిగివచ్చారు.

నెలలో మొదటి ఆదివారం ఆ సంఘంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె పంచే ఆరాధన. రొట్టె ముక్కల పళ్లెం బెంచీ బెంచీకి తీసుకువెళ్లే పని సుందర్ రాజుది. అంతకుముందు ఆయన తండ్రిది. ఆ నెల ఆయన పళ్లెం ఎత్తబోతూ ఉండగా సంఘ సెక్రటరీ ఆర్థర్ ఎడమవైపు స్తంభం పక్కన నిలబడ్డాడు. గూడ్సు షెడ్డులో హెడ్ క్లర్కుగా కూలీలను కేకలేసి కేకలేసి గట్టిపడిన గొంతు ఆయనది.

“సగం సిలిండరు గోల్‌బజార్‌లో అమ్ముకున్న సెయ్యి బల్ల పళ్లెం పట్టుకోకూడదు” అన్నాడు.

సుందర్ రాజు పళ్లెం దించి, వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. ఆనాటి నుంచి జ్ఞానరత్నం రొట్టె ముట్టలేదు. ప్రతి నెలా చర్చికి వెళ్లేది, తన బెంచీలోనే కూర్చునేది, పళ్లెం వస్తే తాను తీసుకోకుండా పక్కవారికి అందించేది. ఆయన మాత్రం తీసుకునేవాడు.

“రొట్టె ఆర్థరుది కాదు కదే” అనేవాడు.

“పళ్లెం మాత్రం మీది” అనేది ఆమె.

అంతవరకు ఆర్థర్‌ను ఆమె ‘మరిదీ’ అని పిలిచేది. ఆ తరువాత నుంచి ‘సెక్రటరీగారూ’ అని పిలిచింది.

ఏడేళ్లకు, ఒక ఏప్రిల్ ఉదయం, ఆ లారీలో కొత్తగా చేరిన నర్సు స్వర్ణకుమారి వీరి గుమ్మంలో నిలబడింది.

“ఆంటీ, అంకుల్ ఉన్నారా?”

“ఎవరు పంపినారు నిన్ను?”

“ఎవరూ పంపలేదు. నేనే వచ్చినాను. సెక్రటరీగారికి తెలిస్తే ఏటంటారో తెల్దు.” ఆమె కూర్చుని, చీర చెంగుతో మెడ తుడుచుకుంది. “బండి బయల్దేరినప్పుడు బాగుంటాది ఆంటీ. కలాయికుండా ఊరు దాటేసరికి పొయ్యిలో కూకున్నట్టుంటాది. కలకత్తా నుంచి మిస్త్రీలు వచ్చి అదీ ఇదీ మార్చినారు. సల్లగొచ్చింది, సంతకం పెట్టించుకుని ఎల్లిపోయినారు. మళ్లీ అదే వరస. ఐసు పెట్టెల్లో మందు మోస్తన్నాం. ఈ ఎండాకాలం కూడా ఇలగే ఉంటే బండి అమ్మేస్తామని మిషనోళ్లు కబురెట్టినారు.”

సుందర్ రాజు అప్పటికే లేచి కళ్లజోడు వెతుక్కుంటున్నాడు.

“కూర్చోండి” అంది జ్ఞానరత్నం. తరువాత స్వర్ణకుమారి వైపు తిరిగింది. చిన్నప్పుడు కాన్వెంటులో చదివిన ఆమె, మాట పొదుపుగా, అక్షరం నలగకుండా మాట్లాడుతుంది. “బండి ఇక్కడికి రావాలి. ఈ వీధిలోకి, పగటిపూట. సెక్రటరీగారు వచ్చి పక్కన కూర్చోవాలి. గ్యాసు ఎటు పోతుందో ఈసారి ఆయనే చూసుకోవచ్చు.”

“ఇప్పుడెందుకే రత్నం ఈ తగువు?” అన్నాడు సుందర్ రాజు.

“ఇది తగువు కాదు. సాక్ష్యం.”

ఆ మాట తేలికగానే అంది కాని, ఆమె మనసు తేలికగా లేదు. ఆర్థర్ చూస్తూ ఉండగా ఈయన చేతిలో కూడా ఆ బండి బాగుపడకపోతే, ఏడేళ్ల నాటి మాట ఇక సమాధి దాకా వెంట వస్తుంది. ఈ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే పిలిచింది.

శనివారం పొద్దున డ్రైవరు తీతు లారీని వీధిలోకి తెచ్చి వేపచెట్టు నీడన ఆపాడు. బండి వచ్చిన మొదటి రోజు నుంచీ దానిని నడుపుతున్నది అతడే. ఆర్థర్ గొడుగు వేసుకుని నడిచి వచ్చాడు. జ్ఞానరత్నం ఆయనకు ఇంట్లోని మంచి కుర్చీ వేసింది.

“రాజన్నా, గ్యాసెంత పడతాదో సెప్పు. నేను దగ్గరుండి సూస్తాను” అన్నాడు ఆర్థర్.

“అందుకే పిలిపించినాం సెక్రటరీగారూ” అంది జ్ఞానరత్నం.

“అత్తా, ఈ బండిని పాడయిందంటారు గానీ, జలుబు సేసినోళ్లని ఎక్కించుకుంటే పున్నెం వస్తాది” అన్నాడు తీతు. “ఝార్‌గ్రామ్ ఎల్లి వచ్చేసరికి ముక్కు వదిలిపోద్ది.”

సుందర్ రాజు పానాల సంచీ విప్పలేదు. “ఇంజను ఆడనీరా. ముందు టీ తాగుదాం” అన్నాడు.

“బండి బాగుసెయ్యమంటే టీ తాగుతాడేటి?” అన్నాడు ఆర్థర్.

“సల్లటి ఇంజను మీద సూసినోళ్లందరూ సల్లగుందనే అన్నారు. నేనూ అలగే అన్నాను. ఈసారి రోగం వచ్చినాక సూద్దాం.”

టీలు తాగారు. ఇంజను ఆడుతూనే ఉంది. లోపల కూర్చున్న స్వర్ణకుమారి కొంతసేపటికి తల బయట పెట్టి, “వచ్చింది అంకుల్, సెగ” అంది. సుందర్ రాజు పెళ్లివారు వచ్చారన్నంత సంతోషంగా లేచాడు.

బోగీల వెంట నడిచి, ఇరుసు పెట్టెలు వేడెక్కాయేమో చూసే రైల్వేవారు అరచేయి ఆనించరు. చేతి వెనుక వైపు ఆనిస్తారు. కాలితే చేయి తనంతట తానే వెనక్కి వస్తుంది. ఎక్కడ వేడి ఉందో, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో ఆ చర్మానికి బాగా తెలుస్తుంది. సుందర్ రాజు బానెట్టు ఎత్తి, ఏసీ గొట్టం మీద అలా చేయి ఆనించాడు. గొట్టం చల్లగా ఉంది, నీటి బొట్లు కారుతున్నాయి.

“గ్యాసుంది. సల్లదనం తయారవుతానే ఉంది” అన్నాడు.

“మరి లోపలికి వేడెలాగొస్తంది?” అన్నాడు ఆర్థర్.

సుందర్ రాజు ఇంజను వెనుక గోడ వెంట చేతిని జరుపుకుంటూ పోయాడు. ఒకచోట చేయి చటుక్కున వెనక్కి వచ్చింది. అక్కడ ఒక లావాటి రబ్బరు గొట్టం ఉంది.

“తీతూ, ఇదేటి?”

“రేడియేటర్‌ది మావా. నీళ్ల గొట్టం.”

“రేడియేటర్ ముందుంది. ఇది వెనక్కి, గదిలోకి ఎల్తంది.”

తీతు తల గోక్కున్నాడు. “అయితే... హీటరేమో మావా.”

ఆ మాట వినగానే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జనవరిలో కూడా ఒక శాలువా కప్పుకుంటే సరిపోయే ఊరు ఖరగ్‌పూర్. బండికి వెచ్చగాలి కూడా ఉంటుందన్న సంగతి వారి తలలోంచి ఏనాడో జారిపోయింది. ఎర్ర గీత, నీలి గీత ఉన్న హీటరు పిడికి స్వర్ణకుమారి రోజూ తన సంచీ తగిలించుకుంటుంది. అది కొక్కెమనే ఆమె అనుకుంది. కలకత్తా మిస్త్రీలు చలిని వెతికారు తప్ప వేడిని ఎవరూ వెతకలేదు. ఇంజను కాగిన కొద్దీ దాని మరిగే నీరు గదిలోని హీటరులోకి పారుతోంది. ఏసీ చల్లార్చిన గాలిని ఆ హీటరు మళ్లీ కాచి లోపలికి పంపుతోంది. పిడి నీలి గీత మీదే ఉన్నా నీరు ఆగలేదంటే, ఆ నీటిని ఆపే కుళాయి ఎక్కడో తెరుచుకునే ఉందన్నమాట.

ఇంజను ఆపించి, సుందర్ రాజు గొట్టం వెంట పోయాడు. ఇంజను వెనుక, మడ్డీ మట్టీ కలిసి గడ్డకట్టిన చోట కుళాయి దొరికింది. స్క్రూ డ్రైవరుతో గడ్డను గీకాడు. గీకుతూ గీకుతూ ఆగిపోయాడు. ఒకసారి తల తిప్పి ఆర్థర్ వైపు చూసి, చేతిలోని గుడ్డను దాని మీద కప్పాడు.

జ్ఞానరత్నం అది చూసింది. “ఏమి ఉంది అక్కడ?”

“ఏటీ లేదు. తుప్పు.”

“గుడ్డ తీయండి.”

“రత్నం...”

“మీరు తీయకపోతే నేను తీస్తాను.”

ఆయన తీశాడు. కుళాయి చెవి కదలకుండా, పూర్తిగా తెరిచి ఉంచి, తీగతో కట్టి ఉంది. వ్యాగను తలుపులకు సీలు వేసే సన్నని తీగ అది. రెండు పేటలు కలిపి మెలివేసి, కొస ఎవరి చేతికీ గుచ్చుకోకుండా చిన్న ఉంగరంలా లోపలికి మడిచి ఉంది. ఆ మెలిక ఎవరిదో ఆ సంఘంలో తెలియనివారు లేరు. పాటల పుస్తకాల బీరువా తలుపుకు ఉన్నది అదే. క్రిస్మసు నక్షత్రాన్ని గోపురానికి కట్టేది అదే. ఆ క్షణాన ఆర్థర్ ముక్కు మీద ఉన్న కళ్లజోడు కాడను నిలబెడుతున్నదీ అదే.

“తుప్పుకు ఉంగరం ఉండదు” అంది జ్ఞానరత్నం.

మొదట మాట్లాడినవాడు తీతు. “అవును బాబూ. ఈ సెగ మొదలైన ఏడాది జనవరిలో, సలి కొండల్లో కాలింపాంగ్‌కి దుప్పట్లు పట్టుకెళ్లినాం కదా. పిడి నుంచి వచ్చే కేబుల్ తెగిపోయి హీటర్ రాలేదు. మీరే దిగి కట్టినారు. ‘మోకాళ్లు కొయ్యలైపోతన్నాయి తీతూ, నేను కట్టిన కట్టు జన్మలో ఊడదు’ అన్నారు.” అతడు కుళాయి వైపు మెచ్చుకోలుగా చూశాడు. “ఊడలేదు బాబూ.”

ఆర్థర్ కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి, దగ్గరగా చూశాడు.

“కట్టింది నేనే” అన్నాడు చివరికి.

“సరే, అయితే విప్పడం కూడా నీకే తెలుస్తాది. ఈ కొస పట్టుకో” అన్నాడు సుందర్ రాజు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ ఆ బానెట్టు కిందనే ఉన్నారు. తీగ విప్పినా కుళాయి కదలలేదు; తెరిచిన చోటనే తుప్పు పట్టిపోయింది. కిరసనాయిలు పోసి నానబెట్టారు. సుందర్ రాజు దానిని ఊడదీసి, ఎమరీ కాగితంతో రుద్ది, రైలు వ్యాక్యూమ్ బ్రేకు పాత గొట్టం రబ్బరును కత్తిరించి వాషరు వేశాడు. తెగిన కేబులుకు బదులు సైకిలు బ్రేకు వైరు వచ్చింది. ఆర్థర్ పట్టుకోమన్నది పట్టుకున్నాడు, ఇమ్మన్నది ఇచ్చాడు. ఆయన తెల్ల చొక్కా ముంజేతుల దాకా నల్లబడింది. మళ్లీ ఇంజను వేసి, బాగా కాగేదాకా ఆడించారు. సెగ రాలేదు. ఏసీ గాలి చల్లగా, ఆగకుండా వస్తూనే ఉంది. స్వర్ణకుమారి చుక్కల మందు పెట్టెను ఐసులోంచి తీసి అరలో పెట్టింది. సంచీని ఒళ్లో పెట్టుకుంది.

“అత్తా, ఒక దుప్పటి ఇయ్యి” అన్నాడు తీతు లోపలి నుంచి.

ఆర్థర్ చేతులు తుడుచుకుని సుందర్ రాజు ఎదుట నిలబడ్డాడు. “రాజన్నా, తప్పయిపోయింది.”

“పోనీలేరా. రా, టీ తాగు.”

“టీ తాగండి సెక్రటరీగారూ” అంది జ్ఞానరత్నం. “తప్పు ఒప్పుకున్నారు, సంతోషం. కాని ఇది వీధిలో అన్న మాట. ఆయనను అన్నది వీధిలో కాదు.”

“వదినా, ఈ వయసులో అందరి ముందూ...”

“ఆయనను అన్న రోజున ఆయనది కూడా చిన్న వయసు కాదు.”

ఆమె కిందపడిన తీగను ఏరి, శుభ్రంగా తుడిచి, ఆయన చేతిలో పెట్టింది. “ఇది మీ వస్తువు.”

ఆ సాయంత్రం సుందర్ రాజు భార్యతో పోట్లాడబోయాడు. “నేను ఏనాడో క్షమించినాను. ఇంకా అతన్ని ఎందుకే నలపడం?”

“మీరు క్షమించినారు. అది మీ మంచితనం. ఆ మాట మాత్రం ఇంకా ఆ స్తంభం దగ్గరే ఉంది. నేను ప్రతి నెలా దానిని చూస్తున్నాను.”

బల్ల ఆదివారం ఉదయం ఆయన, ఆమె చెప్పకుండానే ఇస్త్రీ చొక్కా తీసి వేసుకున్నాడు.

చర్చి నిండుగా ఉంది. జ్ఞానరత్నం తన బెంచీలో కూర్చుని ముందుకే చూస్తోంది. పాట అయింది, ప్రార్థన అయింది. బల్ల మీది తెల్లగుడ్డ తీశారు. ఆర్థర్ తన చోటు నుంచి కదలలేదు. రాడేమో అనుకుందామె. అప్పుడు ఆయన లేచి, ఎడమవైపు స్తంభం పక్కకు వెళ్లి నిలబడి ఏదో అన్నాడు. ముందు వరుసకే సరిగా వినబడలేదు.

వెనుక నుంచి ముసలి ఆమోసు, చెవి మీద చేయి అడ్డం పెట్టుకుని అడిగాడు. “ఏటంటన్నావు ఆర్థరూ? అప్పుడు బాగానే వినబడ్డాది కదా.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆర్థర్ జేబులోంచి తీగ తీసి పైకెత్తాడు. ఈసారి గూడ్సు షెడ్డు గొంతు వచ్చింది.

“సుందర్ రాజు గ్యాసు అమ్ముకోలేదు. బండిలో సెగ నేను కట్టిన ఈ తీగ వల్ల వచ్చింది. అడక్కుండా, సూడకుండా, ఇక్కడే నిలబడి ఆయన్ని దొంగన్నాను. ఆ మాట ఇక్కడే వెనక్కి తీసుకుంటన్నాను. దేవుడి ముందు, మీ అందరి ముందు ఆయన్ని క్షమాపణ అడుగుతన్నాను. రాజన్నా, నీ పళ్లెం నువ్వు తీసుకో.”

బెంచీలోంచి జ్ఞానరత్నం గొంతు స్పష్టంగా పలికింది. “వినబడింది మరిదీ. ఇంక కూర్చో.”

సుందర్ రాజు వెళ్లి పళ్లెం ఎత్తాడు. ఒక్కొక్క బెంచీ దాటుకుంటూ, తండ్రి నడిచినట్టే నిదానంగా నడిచి, భార్య ఉన్న వరుసకు వచ్చి పళ్లెం వంచాడు. జ్ఞానరత్నం దానిని పక్కవారికి అందించలేదు. ముక్కలన్నింటినీ పరికించి చూసి, వాటిలో పెద్దది ఏరి తీసుకుంది.