ఆ మేస్టారు ఎక్కడుంటారు?

నేను ఒక వెబ్ పేజీని. మీరు ఫోనులో ఏదో చూసుకుంటూ ఉండగా మధ్యలో ఒక ప్రకటన వస్తుంది కదా, దాన్ని నొక్కితే వచ్చి దిగే చోటు నాది. మా జాతిని ల్యాండింగ్ పేజీలంటారు. మామూలు వెబ్‌సైటులో పది గదులుంటాయి, అటూ ఇటూ తిరగొచ్చు. నాలో ఒకటే గది, ఒకటే బటన్. ‘ఇప్పుడే తెప్పించుకోండి’ అని దాని మీద రాసి ఉండేది. వచ్చినవాళ్ల చేత దాన్ని నొక్కించడమే నా బతుకు. ఆ పని నేను చాలా బాగా చేశాను. చెప్పుకోవలసిన తప్పు కూడా అదే.

గాజువాకలో ఒక జిరాక్సు షాపు మీద చిన్న గదిలో పుట్టాను. నన్ను తయారుచేసిన అమ్మాయి పేరు ప్రవల్లిక. నన్ను చేయించుకున్నది విశ్వనాథంగారు. ఆయనకి మూలికల కొట్టు ఉంది. నేరేడు గింజలు, మెంతులు, ఇంకేవో కలిపి షుగరు ఉన్నవాళ్ల కోసం పొడి కొట్టించేవారు. చెడ్డమనిషేమీ కాదు. వాళ్లమ్మగారికి టాబ్లెట్లతో పాటు ఆ పొడి కూడా రోజూ ఇచ్చేవారట. తెల్లకాగితాల మీద నాలుగు పేజీలు స్వయంగా రాసి తెచ్చి, “ఇదంతా పెట్టమ్మా, ఒక్క ముక్క కూడా వదలకు” అన్నారు.

ప్రవల్లిక అంతా పెట్టింది. ఒక్కరూ చదవలేదు. వచ్చినవాళ్లు ఎనిమిది సెకన్లలో వెళ్లిపోయేవారు.

అప్పుడామె పని మొదలుపెట్టింది. ప్రకటనలో ఏ మాట చూసి వచ్చారో ఆ మాటే నా నుదుటి మీద రాసింది, దారి తప్పామేమోనన్న అనుమానం రాకుండా. తొమ్మిది గళ్ల ఫారాన్ని మూడు గళ్లకి తగ్గించింది: పేరు, ఫోను, చిరునామా. సిగ్నలు సరిగ్గా లేని ఊళ్లో కూడా నేను చటుక్కున తెరుచుకునేలా బరువైన బొమ్మలు తీసేసింది. ఇంతవరకు మంచి పనివాళ్లు చేసే మంచి పనే. నన్ను చూసి నేనే మురిసిపోయాను.

తరవాత నన్ను ఇద్దర్ని చేసింది. ఒకేలా ఉన్న రెండు పేజీలు, తేడాలు రెండే. నా తోడపుట్టినదానిలో శీర్షిక కిందే పెద్దక్షరాలతో ‘డాక్టరుగారు ఇచ్చిన మందులు మానకండి’ అని ఉంది. నాలో ఆ మాట బటన్‌కి బాగా కింద, బూడిదరంగులో, చీమంత అక్షరాల్లో ఉంది. దాని బదులు పైన ఒక పెద్దాయన ఫొటో. తెల్లచొక్కా, కళ్లజోడు, చల్లని నవ్వు. పక్కన ‘మూడు నెలల్లో టాబ్లెట్ల అవసరమే లేకుండా పోయింది. - రామ్మూర్తి మేస్టారు, విశ్రాంత ఉపాధ్యాయులు’ అని ఉంది. ఫొటో ఎక్కడో కొన్నది. మాటలు ప్రవల్లిక రాసినవి.

“ఇలా అన్నవాళ్లు నిజంగా ఉన్నారాండీ?” అని ఆమె ఒకసారి అడిగింది.

“ఎవరో ఒకరు అనే ఉంటార్లేమ్మా” అన్నారు విశ్వనాథంగారు. ఆమె మళ్లీ అడగలేదు.

వారం రోజులు సగం మందికి దాన్ని, సగం మందికి నన్ను చూపించారు. దానిలో ఒకరు నొక్కితే నాలో నలుగురు నొక్కారు. దాన్ని చెరిపేశారు. నేను గెలిచాను. ఆ రోజు ప్రవల్లిక మిఠాయి తెప్పించింది. నాకు గర్వంగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

అప్పలనరసమ్మ నా దగ్గరికి వచ్చింది ఆ తరవాతే. అనకాపల్లిలో ఇడ్లీ బండి ఆమెది, షుగరుకి రోజూ మాత్రలు వేసుకునేది. పొద్దుటి బేరాలయ్యాక, పదకొండు గంటలప్పుడు, ఫోనుని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివేది. నా మీద ‘ఇంకా పదిహేను నిమిషాలే’ అని ఒక గడియారం పరిగెడుతూ ఉండేది. ఎవరెన్నిసార్లు వచ్చినా అది మళ్లీ పదిహేను నుంచే మొదలవుతుంది. ఆమె నాలుగు రోజులు వరసగా వచ్చింది. నాలుగు రోజులూ ఆమెకి పదిహేను నిమిషాలే మిగిలాయి. బొటనవేలు మాత్రం గడియారం దగ్గర కాదు, మేస్టారి ఫొటో దగ్గర ఆగేది.

నాలుగో రోజు పక్కనున్న కూతురు ఈశ్వరితో అంది: “మొకం సూడవే, అబద్దమాడీ మొకమేటి అది? ఆ మేస్టారు కూడా మాత్రలు మానీసినారంట.”

నొక్కింది. బటన్ కింద ఇంకా ఏదో రాసి ఉందని ఆమెకి తెలియదు. తెలియకుండా ఉండేలాగే నన్ను కట్టారు.

నాలుగు నెలల తరవాత మళ్లీ వచ్చింది. ఈసారి టైపు చేసింది ఈశ్వరి. పేరు గడిలో పేరు, ఫోను గడిలో నంబరు ఉన్నాయి. చిరునామా గడిలో ఇలా ఉంది: ‘మందులు మానేసి మీ పొడి వాడాను. చెప్పు ఒరుసుకుని పుండు పడింది, మానలేదు. ఆసుపత్రిలో కాలి వేలు తీసేశారు. ఆ మేస్టారు ఎక్కడుంటారో చెప్పండి. ఆయన కూడా మాత్రలు మానేశారు కదా. ఒకసారి కాళ్లు చూపించుకోమని చెప్పాలి.’

ఆర్డర్ల మధ్యలో ఆ చిరునామా కనబడేసరికి ప్రవల్లిక దాన్ని రెండుసార్లు చదివింది. తరవాత ఆ నంబరుకి ఫోను చేసింది. స్పీకరు ఆన్‌లో ఉంది, నాకంతా వినిపించింది.

“అమ్మా, పొడి పేజీ తయారుచేసిన అమ్మాయిని మాట్లాడుతున్నాను. మీరు అడిగారు కదా... ఆ మేస్టారు లేరమ్మా.”

“అయ్యో నా తల్లీ! సచ్చిపోనారేటి?” అంది అప్పలనరసమ్మ. “పుండేనా? ముందే తెలిస్తే సెప్పీదాన్ని కదా...”

“కాదమ్మా. అసలు అలాంటి మనిషే లేరు. ఫొటో కొన్నాం. ఆ మాటలు నేనే రాశాను.”

అవతల ఎక్కడో బస్సు హారను వినిపించింది.

“నువ్వే రాసినావా?” అంది చివరికి. “మరి నాకెందుకు సెప్తన్నావు?”

ప్రవల్లిక ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే ఆ మేస్టారు నా మీద నవ్వుతూనే ఉన్నాడు. నవ్వు ఆపించడం నాకు చేతకాలేదు.

సంగతి విని విశ్వనాథంగారు, “కింద రాశాం కదమ్మా, మందులు మానొద్దని” అన్నారు. ఆయన గొంతు ఆయనకే నచ్చినట్టు లేదు. కాసేపటికి, “ఆ పేజీ ముందు తీసెయ్” అన్నారు.

ప్రవల్లిక తీసేసింది. తీసే ముందు మాత్రం నన్ను పైనుంచి కింద దాకా కాగితాల మీదకి అచ్చు తీసింది. వాటిని పట్టుకుని అనకాపల్లి బస్సెక్కి, ఇడ్లీ బండి దగ్గర అప్పలనరసమ్మ చేతికిచ్చింది. “కేసు వెయ్యండమ్మా. నేనొచ్చి చెప్తాను” అంది.

చెప్పింది కూడా. వినియోగదారుల కమిషన్ ముందు నిలబడి, ఏ మాట ఎక్కడ పెట్టిందో, ఎందుకు పెట్టిందో దాచకుండా చెప్పింది. ఆ తరవాత ఆమెకి పనిచ్చేవాళ్లు చాలామంది తగ్గిపోయారు. విశ్వనాథంగారు మొదట తన తప్పేమీ లేదని వకీలు చేత చెప్పించారు. అప్పలనరసమ్మ గోడ పట్టుకుని కుంటుతూ లోపలికి రావడం చూశాక లేచి, “తప్పు మాదేనండీ” అన్నారు.

బయట వరండాలో ప్రవల్లిక ఆమె కాళ్ల దగ్గర వంగబోయింది. అప్పలనరసమ్మ వెనక్కి జరిగింది.

“వద్దమ్మా. నా కాలి కాడికి రాకు” అంది. కోపంగా కాదు. కానీ క్షమించినట్టూ కాదు.

తీర్పు ఆమె వైపే వచ్చింది. పొడి అమ్మకం ఆపించారు. ఇప్పుడు నేను రికార్డు గదిలో, దారంతో కట్టిన ఒక ఫైలులో, ఆరు కాగితాలుగా ఉన్నాను. ఈ అక్షరాలు వెలగవు, ఈ బటన్ ఎవరు నొక్కినా ఏమీ జరగదు. నాకు అది హాయిగానే ఉంది.

ప్రవల్లిక తన తప్పు ఒప్పుకుంది. విశ్వనాథంగారు తన తప్పు ఒప్పుకున్నారు. ఇద్దరి మాటలూ రాసుకుని సంతకాలు పెట్టించుకున్నారు. కానీ మేస్టారి మాట అప్పలనరసమ్మ చెవిన వేసింది నేను. నాలుగు రోజులు తొందరపెట్టింది నేను. నువ్వేమంటావని నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే మీతో చెప్పుకున్నాను.