చేతులు దించండి

జైల్లో ములాకత్ గదికి కొత్త హంగులు దిద్దారని తెలిసినప్పుడు అందరూ నెత్తిన పాలు పోసినట్టు సంబరపడ్డారు. పాత గదిలో రెండు వరసల ఇనుపజాలీ. అటు వాళ్ళు, ఇటు మేము, అందరం ఒకేసారి అరవడం. బయటికొచ్చేసరికి గొంతులు పోయేవి. మా అమ్మకు మాత్రం ఆ గోలతో పనిలేదు. ఆమెకు పుట్టుచెవుడు, మాట కూడా రాదు. జాలీ అవతలున్న తమ్ముడితో చేతులతోనే తీరిగ్గా కబుర్లాడేది. పక్కింటివాళ్ళ తగువుతో సహా అన్నీ వాడికి చేరేవి.

తమ్ముడు లిఫ్టు మెకానిక్. ఒక పెద్దింట్లో లిఫ్టు బాగుచేసి వచ్చాక వాళ్ళ ఉంగరం కనబడలేదట. ఇంట్లో అడుగుపెట్టిన పరాయివాడు వీడొక్కడేనని పట్టుకుపోయారు. ఉంగరమూ దొరకలేదు, కేసూ కదల్లేదు. నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలమే విచారణ పేరుతో లోపలున్నాడు. ఇదేం న్యాయమని అడిగితే, జైళ్ళు కిక్కిరిసిపోయాయి, జడ్జీలు చాలడంలేదు అంటూ వాళ్ళ కష్టాలు మాకే చెప్పుకొచ్చారు. దానికి మంత్రిగారు కనిపెట్టిన మందు, ఇంకో జైలు కట్టడం.

కొత్త గదిలో మందపాటి అద్దం, అటొక ఫోను, ఇటొక ఫోను. చేతిసైగలు నిషేధమని గోడమీద బోర్డు. ఎవరో ముఠావాళ్ళు సైగలతో బయటికి కబుర్లు పంపారట. వాళ్ళు చేసినదానికి మా అమ్మ నోరు కట్టేశారు. కాపలా ఆయన ఫోను ఆమె చేతికే ఇచ్చి మాట్లాడమన్నాడు. పిచ్చిది, దాన్ని చెవికి ఆనించుకుని కొడుకు పెదవులవైపు చూస్తూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఫోను నేను లాక్కున్నాను. మర్నాడే కోర్టు. నేరం ఒప్పుకుంటే ఇన్నాళ్ళూ లోపలున్నదే శిక్షగా లెక్కగట్టి వదిలేస్తారనీ, కాదంటే విచారణ ఎప్పటికవుతుందో చెప్పలేననీ వకీలు అన్నాడట. ఏం చెయ్యాలో వాడికి పాలుపోవడంలేదు.

"ఒప్పేసుకోరా. ఎవడేమనుకుంటే మనకేంటి? ఇంటికొచ్చెయ్" అన్నాను.

"అమ్మనడుగక్కా. అమ్మెలా చెబితే అలా."

రాసి చూపిద్దామంటే అమ్మకు చదువు రాదు. బయటికి తీసుకెళ్ళి అడుగుదామంటే మళ్ళీ లోపలికి రానివ్వరు. చేతులతోనే అడిగాను. కాపలా ఆయన లాఠీతో బల్లమీద కొట్టాడు.

"చేతులు దించండి."

"ఆవిడకి మాటంటే అదేనండీ. చేతులు దించమంటే నోరు మూసుకోమన్నట్టే."

రూల్సు తాను రాయలేదన్నాడు. రాసినవాడు ఏనాడైనా ఈ కుర్చీలో కూర్చున్నాడా అని అడగబోయాను. ఈలోపు అమ్మ లేచింది. అద్దం దగ్గరికి జరిగి, తొందరేమీ లేకుండా, వాడికి అర్థమయ్యేలా చెప్పింది.

"నన్ను ఎవరేమన్నా పడ్డాను. కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. నీకుంది. చెయ్యలేదని చెప్పు."

కాపలా ఆయన ఆమె మణికట్లు పట్టేసుకున్నాడు. అవతల తమ్ముడు చేతులెత్తి సరేనన్నాడు. ఆ ఒక్క సైగకు నెలరోజులపాటు వాడికి ములాకత్ బంద్ చేశారు.

దారిపొడుగునా అమ్మతో పోట్లాడాను. నీ పంతానికి వాణ్ణి బలిపెడతావా అన్నాను. ఇంటికొచ్చే వాణ్ణి నువ్వే ఆపావన్నాను. ఆమె బస్సులో కిటికీ పక్కన మణికట్టు రుద్దుకుంటూ కూర్చుంది.

మర్నాడు కోర్టులో వాడికంటే ముందు పిలిచినవాళ్ళంతా వరసగా ఒప్పేసుకున్నారు. అందులో దొంగలెవరో, విసిగి వేసారినవాళ్ళెవరో అక్కడ ఎవరికీ పట్టలేదు. మావాడి వంతొచ్చింది. చెయ్యలేదన్నాడు. ఒప్పుకుంటే ఈపూటే ఇంటికెళ్ళొచ్చని జడ్జిగారు మెత్తగానే గుర్తుచేశారు. వాడు నావైపు చూడలేదు. అమ్మనే చూస్తూ, హాలంతా వినబడేలా అన్నాడు.

"నేను చెయ్యలేదండీ."

కేసు సెలవుల తరవాతకు వాయిదా పడింది. నేరం చేశామన్నవాళ్ళు ఆ సాయంత్రమే ఇళ్ళకు వెళ్ళిపోయారు. చెయ్యలేదన్న మా తమ్ముణ్ణి జైలు వ్యాన్ ఎక్కించారు.