రెండు ఫైళ్లలోనూ ఉన్నవాళ్లు

అక్క దగ్గు విన్నాకే నేను ఆ పాత ఫైళ్లు మళ్లీ తెరిచాను. అంతకుముందు ఆ అవసరమే కనిపించలేదు. సర్వే నాదే, లెక్క నాదే, దక్కిన మెప్పూ నాదే.

రాళ్లు కోసే ఫ్యాక్టరీలో దుమ్ము వల్ల కార్మికుల ఊపిరితిత్తులు పాడవుతున్నాయా అన్నది తేల్చాలి. ఫ్యాక్టరీ ఇచ్చిన ఆ నెల హాజరు పట్టిక ఒక ఫైలు. ఆసుపత్రి ఇచ్చిన అయిదేళ్ల ఛాతీ పరీక్షలు ఇంకో ఫైలు. కార్మికుల కార్డు నంబర్లను బట్టి రెండింటినీ సాఫ్ట్‌వేర్‌లో కలపడం నా పని.

"రెండింట్లోనూ ఉన్నవాళ్లనే ఉంచమ్మా. ఖాళీ గళ్లతో తలనొప్పి ఎందుకు," అన్నారు మా సర్వే సంస్థ డైరెక్టరు.

పని తగ్గిందని సంబరపడ్డాను. నలభై ఒక్క వరుసలు తొలగించినట్టు సాఫ్ట్‌వేర్ ఎర్ర అక్షరాల్లో చెప్పింది. చదివాను కూడా. నంబర్లు తప్పుగా కొట్టి ఉంటారులే అనుకుని ముందుకు పోయాను.

దగ్గు భరించలేక మానేసినవాళ్లు ఆ నెల హాజరు పట్టికలో ఎందుకుంటారు? నా మట్టిబుర్రకు అప్పుడది తట్టలేదు. మంచాన పడ్డవాళ్లు పోగా మిగిలినవాళ్లు నిక్షేపంలా ఉన్నారు. నివేదికలో అదే రాశాను. దుమ్ము లాగే యంత్రాలు అక్కర్లేదని ఫ్యాక్టరీ చేతులు దులుపుకుంది.

మా బావ అక్కడే తొమ్మిదేళ్లు కోత మిషను మీద పనిచేసి, దగ్గుతో ఇంటికి చేరాడు. అంతా సిగరెట్ల వల్లేనని ఆయన్ని ఆడిపోసుకున్నాం. ఆయన స్థానంలో అక్కను తీసుకుంటామన్నారు. చేరేముందు అక్క నన్ను అడిగింది. "లెక్కలన్నీ నేనే చూశాను, భయం లేదు," అన్నాను.

ఇవాళ ఆ నలభై ఒక్క వరుసల్నీ విడిగా తీశాను. ముప్పై ఆరుగురి ఛాతీ పాడైంది. ఆసుపత్రి ఫైలు ప్రకారం వాళ్లలో ఇరవై ఎనిమిది మంది జన్మలో సిగరెట్టు ముట్టనివాళ్లు. పదిహేడో వరుసలో బావ కార్డు నంబరు ఉంది.

ఆ వరుసలు పట్టుకుని డైరెక్టరు గదికి పరుగెత్తాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"రెండు ఫైళ్లలో ఉన్నవాళ్లనే తీసుకున్నామని నివేదికలో రాశాం కదమ్మా. కింద సంతకం కూడా నీదే."

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. పక్క గదిలో బావ నిద్రపోతున్నాడు. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పూసగుచ్చినట్టు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే సిగరెట్ల వల్ల కాదన్నమాట," అంది. "రెండేళ్లుగా దెప్పుతూనే ఉన్నానే ఆయన్ని."

సిగ్గుతో చచ్చిపోయాను. "రేపటినుంచి వెళ్లకక్కా. మానేయ్," అన్నాను.

అక్క చేతిలో బావ చొక్కా ఉంది. దాన్ని మడతపెట్టి పక్కన పెట్టింది.

"మానేస్తే నన్నూ తీసేస్తావా?" అంది. కోపంగా కూడా అనలేదు.