కళ్సూబాయి షరతు

"శనివారం నువ్వు గూడ రా," అన్నాడు శ్రావణ్.

ఎండుకొబ్బరి వేయిస్తున్న చందన చేతిలో గరిటె ఆగింది. కొబ్బరి మాడకూడదు కాబట్టి మళ్ళీ కదిలింది.

శ్రావణ్‌కు ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం ఉంది. ఏటా వానలు వెనకబట్టాక దోస్తులతో కలిసి కామారెడ్డిలో రైలెక్కి మహారాష్ట్ర పోతాడు. అక్కడ కళ్సూబాయి అనే ఎత్తైన శిఖరం ఉంది. శని, ఆదివారాల్లో బొంబాయి, పూనా జనం జాతరకు వచ్చినట్టు వచ్చి ఎక్కుతారట. చందన దాన్ని అతని ఫోన్‌లోనే చూసింది. మబ్బుల మధ్య చేతులు చాచి నవ్వుతున్న భర్త. ఆ నవ్వు ఇంట్లో ఏనాడూ చూడలేదు.

"ఇంకెవరొస్తున్నరు, ఆడోళ్ళు?"

"ఎవలూ లేరు. నువ్వొక్కదానివే."

అతను మెత్తగా మాట్లాడితే ఆ మాటకు తోక ఎక్కడుందోనని వెతకడం ఆమెకు అలవాటైపోయింది. "నీకు చేతులు నొస్తయని మిక్సీ తెచ్చిన," అన్న వారంలోనే ఆడబిడ్డ కాన్పుకు వచ్చింది. "మీ అమ్మను చూసి రాపో," అన్నప్పుడు ఆమె పుట్టిన ఊరు మద్నూరులో పత్తి ఏరే కూలీలను మాట్లాడుకుని రావలసి వచ్చింది. మరి ఇప్పుడేమిటి? అంత దూరం తీసుకుపోయి ఏం అడుగుతాడు? కాసేపటికి ఆమెకు తన అనుమానం మీదే అనుమానం కలిగింది. ఇన్నేళ్ళకైనా మనిషికి మనిషి మీద మనసు కలగకూడదా? తానే వంకర మనిషైపోయిందేమో. తన కోసమే తనను రమ్మన్నాడేమో.

అత్త కమలవ్వ వత్తులు చేసుకుంటూ అంది: "గుట్టెక్కుతదట గుట్ట. బట్టలారెయ్య డాబా మీదికి పోతెనే ఆయాసపడ్తది."

అయినా చందన పక్కింటి మానస తెల్ల బూట్లు అడిగి తెచ్చుకుంది. సంచిలో పెడుతుంటే శ్రావణ్ నవ్వాడు. "అవెందుకే? బడికి పోతున్నవా?" ఆ నవ్వును ఆమె రైలు ప్రయాణమంతా నమిలింది. కారం, అల్లం, చింతపండు, సన్నబియ్యం, అన్నీ గుర్తుపెట్టుకుని మూటకట్టించిన మనిషి బూట్లెందుకని అడిగాడు.

తెల్లవారి శిఖరం కింద బారి అనే ఊళ్ళో, ఒక ముసలమ్మ ఇంటి ముందు జీపు ఆగింది. శిఖరం తల మబ్బులో ఉంది. చందన అరుగు మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది.

"వదినె, కోడికూరల జర కారం ఎక్కువెయ్యి," అన్నాడు రాజలింగం, శ్రావణ్ దోస్తు. పాపం, అతని మనసులో ఏ కపటమూ లేదు. "పోయినసారి ఈడోళ్ళ శనగపిండి కూర తినలేక సచ్చినం. వండనీకి నిన్ను తీస్కొస్తనన్నడు, అన్న మాట నిలబెట్టుకున్నడు."

చందన భర్త వైపు చూసింది. అతను సీసాలో నీళ్ళు పట్టుకుంటున్నాడు.

"నువ్వేడ ఎక్కుతవ్. ఇనుప నిచ్చెనలుంటయి, కండ్లు తిరుగుతయి. మేం దిగేటాల్లకు అన్నం వేడిగుండాలె."

తోక దొరికింది. వింతగా ఆమెకు ఏడుపు రాలేదు. తన అనుమానమే నిజమైందన్న చిన్న తృప్తి కలిగింది. ఆ తృప్తి వెనకే భయం వేసింది. ఇన్నేళ్ళూ తాను చేసిందల్లా ఇదేనా? సరిగ్గా అనుమానించడం, ఆ తర్వాత వండిపెట్టడం.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె పొయ్యి ముట్టించి ఉల్లిగడ్డలు తరుగుతుంటే ముసలమ్మ పక్కన కూర్చుంది. మహారాష్ట్ర సరిహద్దు మద్నూరు పిల్ల కనుక చందనకు మరాఠీ వచ్చు. అత్తింట్లో అది వెక్కిరించడానికే పనికొచ్చింది.

"పైన గుడిలున్న కళ్సూబాయి ఎవరనుకున్నవ్ పోరీ? ఊరి పెద్ద పాటిల్ ఇంట్ల పనికి కుదిరిన పిల్ల. గిన్నెలు తోమను, ఇల్లు ఊడ్వను, మిగిలిన పనేదైనా చేస్త అని షరతు పెట్టింది. సరేనన్నరు. ఒకనాడు బలవంతంగ ఆ పనే చేయించిన్రు. చేసింది. చేసి గుట్టెక్కింది. మళ్ళ దిగలే."

"కోపంతోనా?"

"కోపమొస్తె అరుస్తరు. ఆమె అరవలే."

చందన చేతిలో కత్తి ఆగింది. తన పెళ్ళి మాటల్లోనూ షరతులు చాలానే నడిచాయి. లగ్గం ఎవరింట్లో, బ్యాండు ఎవరిది, మర్యాదలు ఎట్లా. నీదేమిటని ఆమెను ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో ఇప్పటికీ తెలియదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

తరిగిన ఉల్లిగడ్డల మీద పళ్ళెం బోర్లించింది. పొయ్యిలోంచి కట్టెలు లాగి నీళ్ళు చల్లింది.

"తొవ్వ ఎటు, ఆజీ?"

ముసలమ్మ గడ్డంతో చూపించింది.

మొదటి నిచ్చెన చేరేసరికి మానస బూట్లు మడమలు కొరికేశాయి. అత్త చెప్పినట్టే ఆయాసం వచ్చింది. భర్త చెప్పినట్టే కళ్ళు తిరిగాయి. వాళ్ళు అన్నవన్నీ నిజమే. అవి నిజమైనా ఎక్కవచ్చన్న సంగతి మాత్రం వాళ్ళెవరూ చెప్పలేదు.

మరో నిచ్చెన సగంలో ఉండగా పైన గొంతులు వినిపించాయి. శ్రావణ్ నిచ్చెన కొస దగ్గర నిలబడి ఉన్నాడు.

"అన్నమైందా?" అలవాటుగా అడిగేశాడు. తర్వాతగానీ ఆమె ఎక్కడుందో అతనికి తోచలేదు. "ఈడికెందుకొచ్చినవే? దిగు. మేం దిగాలె."

ఆ మాటకు తోక లేదు. వెతకనక్కరలేని మాట. మొదటిసారి ఆమెకు అతని మీద ఏ అనుమానమూ కలగలేదు.

"నేనెక్కేదాక జర ఆగుండ్రి," అన్నది మెత్తగా, తర్వాతి మెట్టు అందుకుంటూ.

శ్రావణ్ ఒకడుగు వెనక్కి వేసి ఆమె ముఖంలోకి చూశాడు, ఆ మాటకు తోక ఎక్కడుందో వెతుకుతున్నట్టు.