చర్చి మూల మీద బస్సు స్టాపు

మిల్వాకీ శివార్లలోని మా లూథరన్ చర్చిలో పద్నాలుగు నెలలుగా, ప్రతి మంగళవారం సాయంత్రం, నల్లవాళ్ళకు జరిగిన అన్యాయాల గురించి పుస్తకాలు చదువుకుంటున్నాం. పన్నెండు మందిలో వెర్డెల్ తప్ప అందరం తెల్లవాళ్ళమే. ఆమె ఒక వృద్ధాశ్రమంలో బట్టలుతికే పని చేస్తుంది. బస్సు దిగి మైలున్నర నడిచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంటుంది.

ఆ మంగళవారం పాస్టరు హేగన్ గారు, "చదివింది చాలు. ఇప్పుడు ఏం చేద్దాం?" అన్నారు.

నల్లవాళ్ళకు మద్దతుగా గుమ్మం ముందు బోర్డు పెడదామని ఒకరన్నారు. ఇంకో పుస్తకం అయ్యాక చూద్దామని మరొకరన్నారు.

"నన్నడిగితే, బస్సుని ఇక్కడిదాకా రానివ్వండి," అంది వెర్డెల్. "తొమ్మిదేళ్ళ కిందట చర్చి మూల మీద స్టాపు పెడతామంటే ఈ చుట్టుపక్కలవాళ్ళు వద్దన్నారుగా."

"అయ్యో, ఎవరలా అన్నది?" అన్నాను. నాకు నిజంగానే గుర్తు లేదు.

మర్నాడు చర్చి ఆఫీసు బీరువాలో అప్పట్లో స్టాపు వద్దంటూ నగర సభకిచ్చిన అభ్యంతర పత్రం నకలు దొరికింది. 'ప్రశాంతతకు భంగం' అని రాసుంది. కింద నలభై సంతకాలు. ఏడోది మార్లిస్ టోర్గెసన్, అంటే నేనే. ఎందుకు పెట్టానో ఎంత ఆలోచించినా తట్టలేదు. చెత్త పేరుకుంటుందని ఎవరైనా చెప్పారా? లేక బస్సు దిగబోయే మనుషుల్ని తలచుకుని భయపడ్డానా?

స్టాపు కోసం మేం మళ్ళీ అర్జీ పెట్టాం. మూడు వారాల తర్వాత నగర సభలో విచారణ. అందరం వస్తామన్నవాళ్ళం, చివరికి వచ్చింది ఐదుగురం. నేను ఆ నకలు పట్టుకుని మైకు ముందు నిలబడి, "ఇందులో నా సంతకం ఉంది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాను. నాతో పాటు ఇరవై ఏళ్ళు చర్చిలో పాటలు పాడిన లవాన్ వెనకనుంచి, "నీకేం పోయేకాలమే! మా అందరి పరువూ తీస్తావా?" అని అరిచింది. బస్సుని చర్చి మూల దాకా ఆరు నెలలు నడిపి చూద్దామని సభ్యులు ఒక్క ఓటు తేడాతో తీర్మానించారు.

బయటికొచ్చాక వెర్డెల్‌ని అడిగాను. "అందులో నా పేరుందని నీకు తెలుసా?"

"తెలుసు. అప్పుడా కాగితాన్ని ఇక్కడే గోడకి అంటించారు. నేనూ వచ్చాను ఆ రోజు విచారణకి."

"మరి ఒక్కమాటైనా అనలేదేం?"

ఆమె కోటు గుండీలు పెట్టుకుంటూ, "నువ్వా పుస్తకాలు చదువుతూ ఏడ్చేదానివిగా. గుర్తుండే ఏడుస్తున్నావనుకున్నా," అంది.

"లేదు వెర్డెల్. మర్చిపోయాను."

"మర్చిపోయావా!" అంది. అది కోపమో నవ్వో నాకు అర్థం కాలేదు.

ఏప్రిల్‌లో బస్సు వచ్చింది. వెర్డెల్ దిగి, నన్ను చూసి చెయ్యి ఊపి, లోపలికి వెళ్ళి నా పక్క కుర్చీలో కాకుండా పియానో దగ్గర కూర్చుంది. నా మీద అలిగిందా, లేక అక్కడ వెచ్చగా ఉందనా? అడిగితే బాగుంటుందో, ఊరుకుంటే బాగుంటుందో తేలలేదు. పాస్టరు గారు మళ్ళీ, "ఇప్పుడేం చేద్దాం?" అన్నారు.