పెద్దతల చీమకు మాస్టారి పేరు

చీమల శాస్త్రంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త చీమను కనిపెట్టినవాడు దానికి ఎవరి పేరైనా పెట్టొచ్చు, తన పేరు తప్ప. తన పేరు ఇంకొకరు పెట్టాలి. అంటే బతికినన్నాళ్ళలో ఒక్కరితోనైనా మంచిగా ఉండాలి. మాస్టారికి పేచీ అక్కడే వచ్చింది.

మాస్టారంటే మా ఆయనకు చీమల చదువు చెప్పిన పెద్దమనిషి. రిటైరయ్యాక కూడా మ్యూజియంలో తన కుర్చీలో ఇంకొకరిని కూర్చోనివ్వలేదు. ఆయన ఈడువాళ్ళందరి పేర్లతోనూ చీమలున్నాయి. అడవిలో వాళ్ళ జీపు నడిపిన డ్రైవరు పేరుతో కూడా ఒకటుంది, ఎర్రగా, ముచ్చటగా. మాస్టారి పేరుతో మాత్రం లేదు. ఆయన తిట్టని శిష్యుడొకడుంటే పెట్టేవాడేమో.

మా ఆయనకు మాస్టారు పెట్టిన పేరు ‘విరిగిన మీసం’. చదువుకునే రోజుల్లో మా ఆయన ఒక సభలో, మీసంలో ఒక కణుపు తక్కువున్న చీమను చూపించి, ఇది కొత్త జాతి అన్నారు. మాస్టారు లేచి, కణుపు తక్కువ కాదు, గుండుసూదికి అంటిస్తూ నువ్వే విరగ్గొట్టావు అన్నారు. నిజమే. కానీ ఆ నిజాన్ని మా పెళ్ళిలో భోజనాల దగ్గర మళ్ళీ చెప్పారు. మా పాప పుట్టినప్పుడు ఆసుపత్రికి వచ్చి, వేళ్ళన్నీ సరిగ్గా లెక్కపెట్టుకున్నావా అని అడిగారు.

భార్యను మాత్రం ఆయన మర్చిపోలేదు. వయసులో ఉండగా ఆకుచెత్తలో దొరికిన ఒక బుల్లి చీమకు ఆవిడ పేరే పెట్టారు. మేం పిన్నిగారు అని పిలిచే ఆవిడ. ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పేవారు. “ఇంత చిన్న తల ఇంకెక్కడ చూశానా అని తెగ ఆలోచించాను. చూస్తే ఎదురుగా వడ్డిస్తోంది.” అందరూ నవ్వేవారు. పిన్నిగారు ఇంకో గరిటె వడ్డించేవారు.

కిందటి వానల తర్వాత మా ఆయన అడవినుంచి సంచులకొద్దీ ఆకుచెత్త తెచ్చారు. దాన్ని జల్లెడపట్టి వలసంచుల్లో వేలాడదీస్తే, ఆరేకొద్దీ అందులోని పురుగులు తడి వెతుక్కుంటూ దిగి, అడుగున పెట్టిన స్పిరిట్ గ్లాసులో పడతాయి. మా బాల్కనీ అంతా ఆ సంచులే. నా బట్టలు సోఫామీద ఆరాయి. ఆ గ్లాసులో పడ్డాయి పెద్దతల చీమలు. ఒళ్ళంతా ఒక ఎత్తు, తల ఒక్కటీ ఒక ఎత్తు. మా ఆయన భోజనాల బల్లమీద మైక్రోస్కోపు పెట్టుకుని తల పొడవూ వెడల్పూ కొలిచారు, దవడల పళ్ళు లెక్కపెట్టారు, నుదుటిమీది గీతలు గీసుకున్నారు. మేం వంటింటి గట్టుమీద తిన్నాం. అలాంటి చీమ గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు.

కబురు తెలిసి మాస్టారు మా ఇంటికి వచ్చారు. మా మూడంతస్తులూ ఎక్కడం అదే మొదలు. నేనిచ్చిన కాఫీ బాగుందన్నారు. నాకు భయమేసింది. తన ఒంట్లో బాగుండని సంగతీ, పోయిన స్నేహితుల సంగతీ చెప్పి, చివరికి మా ఆయనవైపు చూడకుండా అడిగారు.

“పేరేం అనుకుంటున్నావోయ్?”

“ఇంకా ఏమీ అనుకోలేదండీ.”

“వాళ్ళంతా పోయినా ఒక్కో చీమ మిగిలింది. నాకు అదీ లేదు.”

ఆ మాట పైకి అనడానికి ఆయన పడ్డ అవస్థ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. మా ఆయనకు వేయలేదు.

తప్పకుండా మీ పేరే పెడదామన్నారు మా ఆయన. కాకపోతే చిన్న అనుమానమంటూ, అదే గ్లాసులో పడ్డ బుల్లి చీమల్ని చూపించారు. అవి పిన్నిగారి పేరున్నవి. కొన్ని జాతుల్లో ఒకే తల్లికి పెద్దతలవీ చిన్నతలవీ పుడతాయి. ఇవీ అలాంటివే అయితే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. పెద్దతల చీమ కూడా పిన్నిగారిదే అవుతుంది.

మాస్టారు మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. ఆ కళ్ళకు చిక్కని తేడా లేదని ప్రతీతి. ఆయన మెడ వెనక చెమట పట్టడం నాకు కనిపించింది.

“ఒకే బస్సు దిగినవాళ్ళందరూ చుట్టాలవుతారా?” అన్నారు తలెత్తకుండానే. “రెండూ వేరు. ఆ చిన్నవాటిని తీసి పారెయ్.”

“మీరే పరీక్షించి వేరని తేల్చారని వ్యాసంలో రాయనా మాస్టారూ?”

“రాయి. స్పష్టంగా రాయి.”

మా ఆయన వినయంగా తలూపారు. ఆ ఊపు నాకు తెలుసు. మా పడగ్గదిలో బీరువాపైన, మూతకు బెజ్జాలు పెట్టిన డబ్బా ఒకటుంది. అందులో అడవినుంచి తెచ్చిన పుచ్చుకొమ్మ, కొమ్మలో బతికున్న గూడు. ఒకే రాణి చుట్టూ పెద్దతలవీ చిన్నతలవీ తిరుగుతున్నాయి. రోజూ వాటికి గింజలూ తేనెచుక్కా పెడుతున్నది నేనే. మాస్టారికి ఇంకో కప్పు కాఫీ పోశాను.

వ్యాసం అచ్చయింది. మాస్టారు ఆ చీమ బొమ్మను తలుపంత పెద్దది చేయించి వాళ్ళింటి హాల్లో పెట్టించారు. పాలవాడిని కూడా ఆపి దాని దవడలు వివరించారు. నేను చూడటానికి వెళ్ళినప్పుడు, పోనీలే, మొత్తానికి ఆయన తలకు సరిపోయేది దొరికిందన్నారు పిన్నిగారు, నవ్వకుండా. గిన్నెలు తుడిచిపెడుతూ ఆవిడకు డబ్బా సంగతి చెప్పేశాను. భర్తను హెచ్చరిస్తారనే అనుకున్నాను. ఆవిడ మాత్రం, మ్యూజియంవాళ్ళు ఆయనకు సన్మానం ఎప్పుడు పెట్టారని అడిగి, ఆ గిన్నెనే మళ్ళీ తుడిచారు.

సన్మానంలో మా ఆయనే ముఖ్యవక్త. మాస్టారిని ఆకాశానికెత్తి, అక్కడ ఉంచి, డబ్బా తీసి బల్లమీద పెట్టారు. ఈమధ్యే దొరికిన గూడన్నారు. కొమ్మను చీల్చి మైక్రోస్కోపు కింద పెట్టారు.

“మీరొచ్చి చూడాలి మాస్టారూ. ఇవి ఒకటా, రెండా?”

మాస్టారు వచ్చి వంగారు. లోపల ఏం జరుగుతోందో నాకు తెలుసు; రోజూ చూసేదాన్ని. పెద్దతలవి గింజ నలుపుతుంటాయి, చిన్నతలవి ఆ పిండి మోసుకెళ్ళి పిల్లలకు పెడుతుంటాయి. చీమ మొహం చూడనివాళ్ళకైనా అర్థమవుతుంది. ఒకటే అంటే చీమ పోతుంది, ఇన్నాళ్ళ పేరూ పోతుంది. రెండంటే వెనక వరుసలో కుర్రాళ్ళు నవ్వుతారు.

“నాకేమీ కనబడటం లేదు,” అన్నారు మాస్టారు. “చూపు పోయింది. కొన్నాళ్ళయింది. ఆ రోజు మీ ఇంట్లో కూడా నాకేమీ కనబడలేదు.”

హాలు మొత్తం అయ్యో అంది. ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. ఇన్నేళ్ళ కసి ఒక్క నిమిషంలో జాలికింద జమైపోయి మా ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డారు. గెలిచాడు ముసలాయన అనుకున్నాను.

అప్పుడు పిన్నిగారు లేచి వచ్చారు. ఇన్నాళ్ళూ నా దగ్గర ఎలా దాచారండీ అంటూ ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. “ఇక్కడ మెట్టుంది. ఇంకోటి. నేను చెబుతాగా, మీకెందుకు భయం,” అంటూ అందరి మధ్యనుంచీ నడిపించుకుని వెళ్ళారు.

ఆ మోచెయ్యి ఇంక వదల్లేదు. వీధిలో ఆవిడ ఆగమన్నచోట ఆగుతారు, నడవమంటే నడుస్తారు. పేపరు ఆవిడే చదివి వినిపిస్తారు, తనకు నచ్చిన పేజీ. ఆయన కళ్ళద్దాలు ఎవరికో ఇచ్చేశారు. కంటి డాక్టరు దగ్గరికి వెళదామా అని నలుగురిలో అడుగుతారు, ఆయన వద్దంటారు. కనబడని బొమ్మ ఎందుకని హాల్లోని చీమను తీయించేశారు. మాస్టారి పేరు రద్దయి తన పేరు నిలిచిన వ్యాసాన్ని మాత్రం ఆయన పక్కన కూర్చుని చదివారు. నోరు తిరగని మాటలున్నాయని రెండుసార్లు చదివారు.

పోయిన ఆదివారం పిన్నిగారు మమ్మల్ని పిలిచి, మాస్టారి మైక్రోస్కోపును మా ఆయనకు అప్పగించారు.

“తీసుకెళ్ళు నాయనా. ఆయనకింక దేనికి?”

మా ఆయన మాస్టారివైపు చూశారు. ఆయన ఒక్కమాట అంటే అక్కడే దింపేసేవారు. మాస్టారి వేళ్ళు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి, అంతే. మా ఆయన దాన్ని ఎత్తుకుని గుమ్మంవైపు నడుస్తుంటే, మాస్టారి తల మెల్లగా దానివెంటే తిరిగింది.

“అటు కాదండీ,” అన్నారు పిన్నిగారు, ఆయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంటూ. “నేనిటున్నాను.”