ఏ పాటకు ఊపాడో

మంగళగిరిలో మా మగ్గం గదే అది, కానీ గోడలు గాజువి, పైనుంచి నూలు చిలపలు వేలాడాల్సిన చోట హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి, గాలి లేకపోయినా ఊగుతున్నాయి, వాటి కింద మగ్గం గుంటలోకి కాళ్ళు దించుకుని కూర్చున్న మా ఆయన మార్కండేయులు ఒక్కొక్కటే తీసి చెవులకు పెట్టుకుని చూసుకుంటున్నాడు. ఆయన పోయాడని నాకు తెలుసు. ఆ సంగతి మనిషి ముఖాన చెప్పడం మర్యాద కాదని ఊరుకుంటాను.

"వచ్చావా రత్తం? రోజూ పెట్టుకోటానికి ఏది బాగుంటదో చెప్పు," అంటాడు, పొద్దున సంతకు వెళ్ళి ఇప్పుడే తిరిగొచ్చినవాడిలా.

అదేం పిచ్చో, నేను నిజంగానే ఎంచడం మొదలుపెడతాను. చెవిలో దూర్చుకునేది వద్దు, నేసేటప్పుడు ఒళ్ళు కదిలే కదలికకు జారిపోతుంది. చెవిని మొత్తం మూసేసే పెద్దది ఎండాకాలం చెమటతో పుండు చేస్తుంది. ఊరికే చెవికి ఆనుకునే ఈ తేలికపాటిది తీసుకో, పాటా వినపడుతుంది, మనిషి పిలిస్తే ఆ పిలుపూ వినపడుతుంది, అంటాను.

"పిలుపు ఇనపడేదానికి ఇంక ఇదెందుకే?" అని నవ్వుతాడు. "మగ్గం మోత ఒకటి, నీ మోత ఒకటి. అది ఆగితే కూడు లేదు, ఇది ఆగితే నీ ఏడుపు."

నా మోత అంటే నా చదువు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని, నూలు కండెలు చుట్టుకుంటూ, రాట్నం పక్కన లైబ్రరీ పుస్తకం తెరిచిపెట్టుకుని ఆయన కోసమే పైకి చదివేదాన్ని. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేస్తూనే ఆయన తల ఊపేవాడు, ఆ ఊపు చూసే నేను పేజీ తిప్పేదాన్ని. అన్నానికి పిలవాలంటే మాత్రం ఉత్తి కండె ఒకటి ఆయన ఒళ్ళోకి విసరాల్సి వచ్చేది. ఆయన పోయేనాటికి, అప్పుడు చదువుతున్న పుస్తకంలో చివరి పేజీలు మిగిలాయి. వినేవాడు లేకుండా వాటిని చదవబుద్ధి కాలేదు.

గుంటలోకి ఎక్కడినుంచో నీళ్ళు వస్తున్నాయి, మోకాళ్ళ దాకా వచ్చాయి, ఆయన పట్టించుకోడు. ఇప్పుడు అడగకపోతే ఇక దొరకడని గుంట అంచుకు జరుగుతాను.

"ఒక్కటి చెప్పయ్యా. నీకు ఆఖర్న చదివిన కథలో పడవ నడిపే పిల్ల ఏమైంది?"

"ఏ పిల్ల?"

"వేసవంతా చదివానే!"

బడిలో పాఠం అప్పజెప్పలేని పిల్లాడిలా నా ముఖంలో జవాబు వెతికి, "పెళ్ళయిందిగా," అంటాడు.

"మునిగిపోయింది. ఆ పేజీ చదవలేక నేను ఏడుస్తుంటే నువ్వు తల ఊపావు."

"అప్పుడేదో మంచి పాట వస్తా ఉండుంటది," అంటాడు, గొంతులో నొచ్చుకున్న జాడైనా లేదు. "ఇనాలని ఉంటే ఇయ్యి తీసేవాణ్ణిగా, రత్తం."

అంటూనే అన్నిటికన్నా పెద్దది, నల్లది, నేను వద్దన్నదే చెవులకు బిగించుకుంటాడు, గాజు గోడ బస్సు అద్దమవుతుంది, ఆయన లోపల, నేను బయట, "చివరి పేజీలున్నాయయ్యా, అవన్నా విని పో" అని అరుస్తూ ఒడిలోని కండెలన్నీ విసురుతాను, అవి అద్దానికి తగిలి చప్పుడు లేకుండా రాలిపోతాయి. బస్సు కదులుతుంది. లోపల ఆయన తల ఊగుతోంది. అది నాకు కాదని ఇప్పుడు తెలుసు, అయినా వెళ్ళొస్తానన్నట్టే ఉంది, దొంగ తల.

కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నపు ఎండ మంచం మీదికి వచ్చేసింది. దిండు మడతకు నొక్కుకుపోయిన చెవి తిమ్మిరెక్కి హోరుమంటోంది. గుమ్మంలో మా కోడలు సుకన్య చేట పట్టుకుని నిలబడి ఏదో చెబుతోంది, చాలాసేపటి నుంచి చెబుతున్నట్టుంది, చివర "ఏమంటారత్తయ్యా?" అన్నది ఒక్కటే నాకు అందింది.

తల ఊపాను. తృప్తిగా లోపలికి వెళ్ళిపోయింది.